టీబీ రిపోర్టు చేతికొచ్చిందా? అందులో జన్యువుల సంగతి ఎట్లా చదవాలో చూడండి

దవాఖాన నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది, లేదంటే ఆశ వర్కర్ ఒక కాగితం తెచ్చి చేతిలో పెడుతుంది. అందులో ఇంగ్లిషులో రెండు లైన్లుంటాయి. ‘ఎంటీబీ డిటెక్టెడ్’, అంటే టీబీ క్రిమి కనిపించింది అని ఒకటి, దాని కింద ‘రిఫ్ రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్’, అంటే రిఫాంపిసిన్ అనే మందుకు లొంగని గుణం కనిపించలేదు అని ఇంకొకటి. మొదటి లైను చూడగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, రెండో లైను జోలికి ఎవరూ పోరు. కానీ వచ్చే ఆరు నెలలు ఏ గోళీలు వేసుకోవాలి, వేసుకుంటే అవి పని చేస్తాయా లేదా అని చెప్పేది ఆ రెండో లైనే. టీబీ క్రిమి జన్యువులో ఒక చిన్న ముక్కను చదివి రాసిన మాట అది.

నేను తెమడ పరీక్షలు చేసే ల్యాబ్‌లో పని చేస్తాను. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ దిక్కు నుంచి, అటు పాలమూరు దిక్కు నుంచి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లు అడిగేవి దాదాపు ఇవే: "ఇది ముదిరిందా సార్?", "మా అన్నదే నాకు అంటిందా?", "మందులకు లొంగదన్నరు, ఎందుకు లొంగదు?" వీటికి జవాబు చాలావరకు ఆ క్రిమి జన్యువుల్లో ఉంది, అది తరతరాలుగా మారుతూ వచ్చిన తీరులో ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇది చదివితే డాక్టర్‌ను ఏం అడగాలో తెలుస్తుంది. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ అంతట మీరు చేయకండి, అది డాక్టర్ నిర్ణయం.

ముందు ఈ ఒక్క సంగతి పట్టుకోండి

రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనిపెట్టానని 1882 మార్చి 24న ప్రకటించాడు. దాని జన్యుపటం మొత్తం చదివింది మాత్రం 1998లో. దాదాపు 44 లక్షల అక్షరాలు, సుమారు 4 వేల జన్యువులు. చాలా బ్యాక్టీరియాలు ఒకదాని నుంచి ఒకటి జన్యువులు తీసుకుంటాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై లాంటివి మందును తట్టుకునే జన్యువును పక్కనున్న వేరే జాతి దగ్గర్నుంచి కూడా తెచ్చేసుకుంటాయి. మనుషుల్లో టీబీ తెచ్చే క్రిమి అట్లా చేయదు. దానికి బయటి నుంచి అప్పు పుట్టదు, తల్లి కణం నుంచి పిల్ల కణానికి వచ్చిందే ఆస్తి. దాని దగ్గరి చుట్టం కానెట్టీ అనేది ఆఫ్రికాలో జిబూటీ చుట్టుపక్కల దొరుకుతుంది, అది ఇచ్చిపుచ్చుకుంటుంది గానీ మనిషి నుంచి మనిషికి పాకినట్టు కనిపించదు.

మరి మందుకు లొంగని గుణం ఎక్కడి నుంచి వస్తుంది? కణం రెండుగా చీలేటప్పుడు జన్యువుకు నకలు తయారవుతుంది, ఆ నకల్లో అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పు పడుతుంది. పాత పహాణీ నుంచి నకలు రాసేటప్పుడు ఒక సర్వే నంబరు తప్పు పడితే, ఆ కాగితం చూసి రాసిన తర్వాతి నకళ్లన్నింట్లో అదే తప్పు ఎట్లా కొనసాగుతుందో ఇక్కడా అంతే. ఆ తప్పుల్లో ఎక్కువవాటితో ఏమీ కాదు. కొన్నింటితో క్రిమే చచ్చిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఆ తప్పు మందు తగిలే చోటే పడుతుంది, ఇక ఆ మందు దాన్ని పట్టుకోలేదు.

టీబీ గోళీలో ఉండే ముఖ్యమైన మందులు రెండు, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. ఐసోనియాజిడ్‌ను తట్టుకునే క్రిమి మందు వాడకముందే సుమారు 10 లక్షల్లో ఒకటి ఉంటుంది. రిఫాంపిసిన్‌ను తట్టుకునేది సుమారు 10 కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో గుంత పడిన మనిషిలో క్రిములు 10 కోట్లు, అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు. అంటే ఒకటే మందు ఇస్తే దాన్ని తట్టుకునేవి కొన్ని అప్పటికే లోపల సిద్ధంగా ఉన్నట్టే. అదే రెండు మందులనూ ఒకేసారి తట్టుకునేది కావాలంటే కోటి కోట్లలో ఒకటి, అన్ని క్రిములు ఏ మనిషి ఒంట్లోనూ ఉండవు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన గోళీ, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు కలిపిన గోళీ ఇవ్వడం వెనక ఉన్న లెక్క ఇదే. 1940ల్లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూశారు. రోగులు మొదట బాగా తేరుకున్నారు, కొన్ని నెలలకే చాలామందిలో ఆ మందుకు లొంగని క్రిములు పెరిగాయి. మందులు కలిపి ఇవ్వాలని అక్కడే తెలిసింది.

కాబట్టి మందుకు లొంగని టీబీ ఎవరికి వచ్చినా దానికి రెండే దారులు. మందులు మధ్యమధ్య ఆగిపోయో, సరిపడా పడకో ఆ మనిషి ఊపిరితిత్తిలోనే అది తయారై ఉండాలి, లేదంటే ఇంకొకరిలో తయారైంది గాలి ద్వారా వచ్చి ఉండాలి. మూడో దారి లేదు. రెండో దారిన వచ్చినవాళ్లే ఇప్పుడు ఎక్కువ. అందుకే "నువ్వు గోళీలు సక్కగ వేసుకోలే, అందుకే ముదిరింది" అని రోగిని తిట్టే ముందు ఆగండి. జీవితంలో ఒక్క టీబీ గోళీ వేసుకోని మనిషికి కూడా మొదటిసారే లొంగని టీబీ వస్తుంది.

తెమడ ఇచ్చేటప్పుడు

రిపోర్టు ఎంత బాగుంటుందనేది డబ్బాలో ఏం పడిందనే దాని మీదే ఉంటుంది. ఉమ్మి ఇస్తే పరీక్ష దండగ. పొద్దున్న లేచి, నోరు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా రెండు మూడుసార్లు ఊపిరి లోపలికి తీసుకుని, ఛాతీ లోతు నుంచి దగ్గి తీయాలి. చిక్కగా, పసుపుగా జిగురుగా ఉన్నది కావాలి. బయట చెట్టు కిందో, గాలి ఆడే చోటో ఇవ్వండి, గదిలో వద్దు. మందులు మొదలుపెట్టక ముందే ఇవ్వండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మందులు పడ్డాక బతికున్న క్రిములు తగ్గిపోతాయి, కల్చర్ (ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే పరీక్ష) పెరగదు, అప్పుడు మిగతా మందుల సంగతి తేల్చడం కష్టమవుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర నాలుగు రోజులు ఏవో యాంటీబయాటిక్స్ వాడి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. వాటిలో లెవోఫ్లాక్సాసిన్ లాంటివి ఉంటాయి, అవి టీబీ క్రిమి మీద కూడా పని చేస్తాయి, అందుకే జ్వరం తగ్గినట్టు, దగ్గు తగ్గినట్టు అనిపించి అసలు రోగం ఆలస్యంగా బయటపడుతుంది. పైగా ఒక్క మందే పడింది కాబట్టి దాన్ని తట్టుకునేవి మిగిలే ప్రమాదం ఉంది.

మొదటి కాగితం: సీబీనాట్ లేదా ట్రూనాట్

ఈ రెండు మెషిన్లూ తెమడలోని డీఎన్ఏను పెంచి చూస్తాయి. గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి చిన్న దవాఖానల్లో కూడా పెట్టగలుగుతున్నారు. అందులో ముందు టీబీ ఉందా లేదా అని ఒక చిప్ మీద చూస్తారు, ఉంటే రిఫాంపిసిన్ కోసం ఇంకో చిప్ వేస్తారు. సీబీనాట్‌లో రెండూ ఒకే కాట్రిడ్జ్‌లో అయిపోతాయి, రెండు గంటల్లోపే.

‘డిటెక్టెడ్’ పక్కన హై, మీడియం, లో, వెరీ లో అని ఉంటుంది. అది తెమడలో క్రిముల డీఎన్ఏ ఎంత ఉందో చెబుతుంది. "హై" అని ఉంటే ఇంట్లోవాళ్లకు అంటుకునే అవకాశం ఎక్కువ కాబట్టి అందరికీ త్వరగా పరీక్షలు చేయించాలి. మందులకు లొంగడం, లొంగకపోవడంతో దానికి సంబంధం లేదు, ఈ రెండూ కలిపి చూసుకుని చాలామంది ఊరికే టెన్షన్ పడతారు.

రిఫాంపిసిన్ లైను విషయానికొస్తే, మెషిన్ ఆ 44 లక్షల అక్షరాల్లో చూసేది ఆర్‌పీఓ-బీ అనే జన్యువులో 81 అక్షరాల ముక్క ఒక్కటే. రిఫాంపిసిన్‌కు లొంగని క్రిముల్లో నూటికి 95కు పైగా వాటిలో తప్పు ఆ 81 అక్షరాల్లోనే ఉంటుంది, అందుకే అంత చిన్న ముక్క చూసినా సరిపోతోంది.

‘నాట్ డిటెక్టెడ్’ అంటే ఆ ముక్క మామూలుగా ఉంది, మామూలు మందులు మొదలుపెట్టొచ్చు. ‘డిటెక్టెడ్’ అంటే అక్షరం మారింది. ‘ఇండిటర్మినేట్’ అంటే డీఎన్ఏ తక్కువై మెషిన్ తేల్చలేకపోయింది, మంచి తెమడతో మళ్లీ చేయాలి. ‘ట్రేస్’ అని వచ్చినా డీఎన్ఏ చాలా తక్కువ ఉందన్నమాట, రిఫాంపిసిన్ సంగతి అప్పుడు తేలదు.

‘డిటెక్టెడ్’ అని వచ్చింది, మీకు ఇంతకుముందు టీబీ లేదు, ఇంట్లో ఎవరికీ లొంగని టీబీ లేదు, పైగా ‘వెరీ లో’ అని ఉంది అనుకోండి, ఇంకో తెమడతో మళ్లీ చేయమని అడగండి. అడగడం తప్పేం కాదు. డీఎన్ఏ తక్కువున్నప్పుడు మెషిన్ పొరబడొచ్చు, ఒక్కోసారి అక్షరం మారినా ప్రొటీన్ మారదు, మందు పని చేస్తూనే ఉంటుంది, మెషిన్‌కు మాత్రం అది తేడాగా కనిపిస్తుంది.

ఈ కాగితం చెప్పనిది ఐసోనియాజిడ్ సంగతి

మామూలు సీబీనాట్, ట్రూనాట్ రిపోర్టుల్లో ఐసోనియాజిడ్ గురించి ఒక్క ముక్క ఉండదు. కానీ మన దేశంలో 2014-16లో చేసిన జాతీయ సర్వేలో కొత్త రోగుల్లో దాదాపు 11 శాతం మందిలో, ముందు టీబీ మందులు వాడినవాళ్లలో 25 శాతం మందిలో ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిములు కనిపించాయి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగనివి కొత్తవాళ్లలో 3 శాతం లోపే, వాడినవాళ్లలో 11.6 శాతం. ఈ తేడా చూడండి. రిఫాంపిసిన్ లైను బాగుందని సంబరపడి వెళ్లిపోయేవాళ్లలో కొందరికి నాలుగు మందుల్లో ఒకటి అసలు పనే చేయడం లేదు. మొదటి రెండు నెలలు గడిచి మూడు మందులకు మారాక వాళ్ల భారమంతా మిగిలిన రెండింటి మీదే పడుతుంది, అక్కడ రిఫాంపిసిన్ కూడా చేజారే ప్రమాదం ఉంది. ప్రపంచవ్యాప్తంగా వేల జన్యుపటాలు పోల్చి చూసినప్పుడు కూడా ఇదే వరస తేలింది, ముందు ఐసోనియాజిడ్ మార్పు, దాని మీద రిఫాంపిసిన్ మార్పు.

అందుకే మొదటి కాగితం రాగానే అడగాల్సిన ప్రశ్న ఇది: "ఎల్‌పీఏ పంపారా?" ఎల్‌పీఏ అంటే లైన్ ప్రోబ్ అస్సే, రిఫాంపిసిన్‌తో పాటు ఐసోనియాజిడ్ సంగతి కూడా చెప్పే పట్టీ పరీక్ష. పంపితే రిపోర్టు ఎప్పుడు వస్తుందో రాసుకోండి, రాకపోతే వెంటపడండి. తెమడ మైక్రోస్కోపులో పాజిటివ్ అయితే నేరుగా చేస్తారు, నెగెటివ్ అయితే ముందు కల్చర్‌లో పెంచాలి. ఈ క్రిమి రెండింతలు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది, ద్రవంలో వేస్తే 42 రోజుల దాకా చూస్తారు, కాబట్టి ఆలస్యమైందంటే ఎవరూ మరిచిపోయారని కాదు.

ఎల్‌పీఏ పట్టీని గీత గీతగా చూద్దాం

ఇది నాకు బాగా ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే క్రిమి మారడం కళ్లకు కనిపించేది ఇందులోనే. ప్లాస్టిక్ ట్రేలో వేలెడంత పొడవు తెల్లటి సన్న పట్టీలు వరసగా ఉంటాయి, ఒక్కో రోగికి ఒక్కో పట్టీ, దాని మీద అడ్డంగా ఊదా రంగు గీతలు తేలతాయి. మొత్తం 27 చోట్లు. పైనున్నవి పరీక్ష సరిగ్గా జరిగిందా అని చూసుకునేవి, ఆ తర్వాత టీబీ జాతేనా అని చెప్పేది. వాటి కింద మూడు గుంపులు: రిఫాంపిసిన్ కోసం ఆర్‌పీఓ-బీ, ఐసోనియాజిడ్ కోసం క్యాట్-జీ, ఐఎన్‌హెచ్-ఏ అనే జన్యువులు.

ప్రతి గుంపులో రెండు రకాల గీతలు. ‘డబ్ల్యూటీ’ అంటే మామూలు రూపం, ఆర్‌పీఓ-బీలో ఇవి ఎనిమిది. ‘ఎంయూటీ’ అంటే తరచూ కనిపించే మార్పులు. డబ్ల్యూటీ గీతలన్నీ ఉండి, ఎంయూటీ ఒక్కటీ లేకపోతే మందు పని చేస్తుంది. డబ్ల్యూటీ ఎనిమిదోది మాయమై ఎంయూటీ మూడోది తేలిందనుకోండి, ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 531వ చోట సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి ల్యూసిన్ వచ్చింది. ప్రపంచమంతటా రిఫాంపిసిన్‌కు లొంగని క్రిముల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఎందుకంటే మార్పు వచ్చిన క్రిములు మామూలుగా కొంచెం బలహీనపడతాయి, పెరగడంలో వెనకబడతాయి. ఈ మార్పు వచ్చినవి మాత్రం పెద్దగా వెనకబడవు. పైగా ఆర్‌పీఓ-సీ లాంటి పక్క జన్యువుల్లో ఇంకో మార్పు తెచ్చుకుని పోయిన బలాన్ని తిరిగి పుంజుకుంటాయి. పరిణామం అంటే పుస్తకాల్లో లక్షల ఏళ్ల కథ అనుకుంటాం, ఇక్కడ ఒక మనిషి ఛాతీలో కొన్ని నెలల్లో జరిగిపోతుంది.

ఒక్కోసారి డబ్ల్యూటీ గీత పోతుంది, ఎంయూటీ గీత ఏదీ రాదు. అంటే ఏదో మారింది, కానీ పట్టీ మీద లేని మార్పు అది. రిపోర్టులో ‘ఇన్ఫర్డ్’ అని రాస్తారు. లొంగదనే భావించి మందు ఇస్తారు.

ఇంకొన్నిసార్లు రెండు గీతలూ ఉంటాయి, డబ్ల్యూటీ, దాని పక్కన ఎంయూటీ. ఈ పట్టీ దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను. ఆ మనిషిలో మందుకు లొంగేవి, లొంగనివి రెండూ ఒకేసారి ఉన్నాయన్నమాట. రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు టీబీలు అంటి ఉండొచ్చు, లేదా లోపలున్న క్రిముల్లో కొన్ని మారిపోతూ, మిగతావి ఇంకా మారకుండా ఉన్న సమయంలో మనం తెమడ తీసి ఉండొచ్చు. ఈ రిపోర్టును "కొంచెం లొంగుతుందిలే" అని ఎవరైనా చెబితే నమ్మకండి. లొంగేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి, దీన్ని లొంగని టీబీగానే చూడాలి.

ఐసోనియాజిడ్ గుంపులో తేడా ఎక్కడుందో కూడా చూసుకోండి. క్యాట్-జీలో 315వ చోట మార్పు ఉంటే ఆ మందు దాదాపు పూర్తిగా పోయినట్టే. ఐఎన్‌హెచ్-ఏ దగ్గర ఉంటే తట్టుకునే శక్తి తక్కువ స్థాయిలో ఉంటుంది, డోసు పెంచి వాడే వీలుండొచ్చు, కానీ అదే మార్పు వల్ల ఎథియోనమైడ్ అనే ఇంకో మందు పని చేయదు. ఒక్క అక్షరంతో రెండు మందులు. రిఫాంపిసిన్ బాగుండి ఐసోనియాజిడ్ మాత్రమే పోతే లెవోఫ్లాక్సాసిన్ కలిపిన వేరే కోర్సు ఉంది, దాని గురించి డాక్టర్‌ను అడగండి.

నంబర్ల దగ్గర ఒక చిక్కుంది. ఒక ల్యాబ్ రిపోర్టులో ఎస్531ఎల్ అని, ఇంకో ల్యాబ్‌లో ఎస్450ఎల్ అని ఉంటే రెండు వేర్వేరు మార్పులు వచ్చాయని కంగారు పడకండి. రెండూ ఒకటే. పాత లెక్క ఈ.కోలై జన్యువును బట్టి వేసింది, కొత్తది టీబీ క్రిమి సొంత జన్యువును బట్టి వేసింది. అట్లాగే 526 అంటే 445, 516 అంటే 435. ఏ మార్పు ఏ మందును పోగొడుతుందో చెప్పే పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చింది, 2023లో ఇంకా పెంచింది.

మన దగ్గర తిరిగే టీబీ ఏ వంశం?

ఇది రిపోర్టులో ఉండదు, మీ మందు కూడా దీన్ని బట్టి మారదు. కానీ తెలుసుకోవాల్సిన సంగతి, ముఖ్యంగా బయాలజీ చదివే పిల్లలకు.

మనుషుల్లో తిరిగే టీబీ క్రిములను లీనియేజ్‌లుగా, అంటే వంశాలుగా విడదీశారు. 1 హిందూ మహాసముద్రం చుట్టూ, 2 చైనా వైపు, 3 ఉత్తర భారతం, పాకిస్తాన్, తూర్పు ఆఫ్రికా, 4 యూరప్, అమెరికా, ఆఫ్రికా, 5, 6 పశ్చిమ ఆఫ్రికా, 7 ఇథియోపియా. ఆ తర్వాత ఆఫ్రికాలోనే కొద్దిమందిలో దొరికిన ఇంకో మూడింటికి 8, 9, 10 నంబర్లు ఇచ్చారు. దక్షిణ భారతంలో 1 ఎక్కువ, ఉత్తరానికి పోయేకొద్దీ 3 పెరుగుతుంది. 1 పాత వంశం. 2, 3, 4 వంశాలు పోగొట్టుకున్న టీబీ-డీ1 అనే ముక్క దీనిలో ఇంకా అట్లాగే ఉంది.

దక్షిణాది క్రిమి తేడా అని జన్యువులు చదవడం రాకముందే కనిపెట్టారు. 1960లో మద్రాసు రోగుల క్రిములను, బ్రిటన్ రోగుల క్రిములను గినీ పందులకు ఎక్కించి చూస్తే మనవి చాలావరకు తక్కువ ఉధృతంగా ఉన్నాయి. 1990ల్లో ఐఎస్6110 అనే ముక్క ఎన్నిచోట్ల ఉందో లెక్కబెట్టి క్రిములను గుర్తుపట్టే పద్ధతి ప్రపంచమంతా వాడారు, దక్షిణాదికి వచ్చేసరికి అది తడబడింది, ఎందుకంటే ఇక్కడి చాలా క్రిముల్లో ఆ ముక్క ఒక్క చోటే ఉంటుంది. అన్నీ ఒకేలా కనిపిస్తే ఎవరిది ఎవరికి అంటిందో ఎట్లా తెలుస్తుంది? ఇంకోచోట తయారైన పద్ధతిని మన జిల్లాకు తెచ్చేముందు మన క్రిమి మీద పరీక్షించుకోవాలని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే.

ఈ వంశాల వయసు మీద ఇంకా వాదన నడుస్తోంది. 2013లో ఒక బృందం, ఆఫ్రికా నుంచి మనుషులతో పాటే సుమారు 70 వేల ఏళ్ల కింద బయల్దేరిందని చెప్పింది. 2014లో ఇంకో బృందం పెరూలో దొరికిన వెయ్యేళ్ల నాటి ఎముకల్లో క్రిమి డీఎన్ఏ చదివి, అది సీల్ జంతువుల టీబీకి దగ్గరగా ఉందని చూపించి, ఈ కుటుంబం మొత్తం వయసు 6 వేల ఏళ్లలోపే అంది. పశువుల నుంచే మనిషికి టీబీ వచ్చిందని పాత పుస్తకాల్లో ఉంటుంది, అది నిలబడలేదు. పశువుల టీబీ క్రిమిలో ముక్కలు ఇంకా ఎక్కువ ఊడిపోయాయి, కాబట్టి మనిషి క్రిమికి అది తల్లి కాలేదు. అట్లాగని పచ్చి పాలు తాగకండి. పశువుల టీబీ మనుషులకు వస్తుంది, బోవిస్ రకానికైతే పైరజినమైడ్ అనే మందు పుట్టుకతోనే పని చేయదు.

ఇక వలసల సంగతి. మక్తల్, కోస్గి, నారాయణపేట దిక్కు నుంచి ముంబై, పుణె బిల్డింగ్ పనులకు పోవడం తరాలుగా ఉంది. ముంబై చుట్టుపక్కల లొంగని టీబీలో లీనియేజ్-2 గుంపులు గట్టిగా పాతుకున్నాయని, వాటిలో లెవోఫ్లాక్సాసిన్ జాతి మందులకు కూడా లొంగనివి చాలా ఉన్నాయని అక్కడి జన్యు పరిశీలనల్లో తేలింది. అందుకే దగ్గుతో వచ్చినప్పుడు "ఎక్కడ పని చేసి వచ్చారు, అక్కడ పక్కన ఎవరైనా దగ్గేవారా" అని డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. రెండో ఎల్‌పీఏ ఉంటుంది, అందులో జీవైఆర్-ఏ, జీవైఆర్-బీ గీతలు ఈ జాతి మందుల సంగతి చెబుతాయి. రిఫాంపిసిన్ లేదా ఐసోనియాజిడ్ పోయినప్పుడు అది తప్పకుండా చేయించాలి. ఇక మందులు నడుస్తుండగా పనికి పోవాల్సి వస్తే, పోయేముందు టీబీ సిబ్బందికి చెప్పి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకోండి. నిక్షయ్ ఐడీ, అంటే సర్కారు టీబీ రికార్డులో మీకిచ్చిన నంబరు, దేశమంతా ఒకటే, అక్కడి సర్కారు దవాఖానలో గోళీలు ఇస్తారు. దారి ఖర్చుకు తీసుకున్నట్టే కొన్ని రోజుల గోళీలు చేతిలో పెట్టుకోండి. హెల్ప్‌లైన్ 1800-11-6666, డబ్బులు పడవు.

అన్నది తమ్ముడికి అంటిందా?

మొత్తం జన్యుపటం చదివితే దీనికి జవాబు దొరుకుతుంది. ఈ క్రిమి చాలా నిదానంగా మారుతుంది, సుమారు రెండేళ్లకు ఒక అక్షరం. వేర్వేరు వంశాల మధ్య తేడా దాదాపు 2 వేల అక్షరాలదాకా పోతుంది. ఇద్దరు రోగుల క్రిముల మధ్య తేడా 5 అక్షరాలు లేదా అంతకంటే తక్కువైతే ఈ మధ్యే ఒకరి నుంచి ఒకరికో, ఇద్దరికీ ఒకరి దగ్గర్నుంచో వచ్చిందని అనుకుంటారు. 12 దాటితే ఒకరిది ఒకరికి అంటి ఉండే అవకాశం తక్కువ. మధ్యలో ఉంటే మిగతా వివరాలు చూసుకోవాలి. తేడా తక్కువ ఉన్నంత మాత్రాన ఎవరి నుంచి ఎవరికో చెప్పలేం, దాన్ని ఇంట్లో గొడవకు సాక్ష్యంగా వాడకండి.

మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చేస్తున్నవాళ్లు దీన్ని చేసి చూడొచ్చు. ఎన్‌సీబీఐ ఆర్కైవ్‌లో భారత్ నుంచి పెట్టిన టీబీ జన్యు ఫైళ్లు అందరికీ తెరిచే ఉన్నాయి. ఒక ఫాస్ట్‌క్యూ జత దించుకుని టీబీ-ప్రొఫైలర్ అనే ఉచిత టూల్‌లో వేయండి. అది వంశం చెబుతుంది, ఏ జన్యువులో ఏ మార్పుందో, ఏ మందు పోయిందో చెబుతుంది. మార్పు పక్కన శాతం ఉంటుంది, దాన్ని వదిలేయకండి. 40 శాతం అని ఉంటే నేను పైన చెప్పిన రెండు గీతల పట్టీ లాంటిదే, క్రిములు కలగలిసి ఉన్నాయి.

మందులు మొదలయ్యాక

తగ్గిందా లేదా చూడటానికి మళ్లీ సీబీనాట్ చేయమని కొందరు పట్టుబడతారు. ఆ మెషిన్ చచ్చిన క్రిమి డీఎన్ఏను కూడా పట్టుకుంటుంది, కోర్సు పూర్తయి బాగైనవాళ్లకు కూడా పాజిటివ్ చూపించొచ్చు. అందుకు మైక్రోస్కోపు పరీక్ష, కల్చర్ ఉన్నాయి. రెండు నెలలకు కూడా తెమడ పాజిటివ్‌గానే ఉంటే అప్పుడు లొంగని గుణం కోసం మళ్లీ చూడాలి, మొదటి రిపోర్టు బాగుంది కదా అని వదలొద్దు. ఆ రిపోర్టు తీసిన రోజు నుంచి ఈ రోజు దాకా క్రిమి నకళ్లు రాసుకుంటూనే ఉంది.

రోగిని ఇంట్లోంచి పంపేయకండి, పశువుల కొట్టంలో మంచం వేయకండి. మద్రాసులో 1956లో మొదలుపెట్టిన పరిశీలనలో కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంట్లోనే ఉంచి మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ల కుటుంబాలకు అదనంగా ఏమీ రోగం రాలేదు. మందులు సరిగ్గా పడటం మొదలైతే అంటడం చాలా త్వరగా తగ్గిపోతుంది.

ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించండి, టీబీ లేదని తేలినవాళ్లకు రాకుండా మందిస్తారు. ఈ దశలో ఎల్‌పీఏ కాగితం మళ్లీ బయటికి తీయాలి. సాధారణంగా ఇచ్చేది ఆరు నెలల ఐసోనియాజిడ్, లేదంటే వారానికోసారి మూడు నెలల కోర్సు, అందులో కూడా ఐసోనియాజిడ్ ఉంటుంది. రోగి క్రిమిలో క్యాట్-జీ మారిపోయి ఉంటే ఆ గోళీలు పిల్లలను కాపాడలేవు. ఐసోనియాజిడ్ మాత్రమే పోయినవాళ్ల ఇంట్లో నాలుగు నెలల రిఫాంపిసిన్, రిఫాంపిసిన్ పోయి లెవోఫ్లాక్సాసిన్ పని చేస్తున్నవాళ్ల ఇంట్లో ఆరు నెలల లెవోఫ్లాక్సాసిన్ ఇచ్చే పద్ధతి ఉంది. కాబట్టి పిల్లలను తీసుకుపోయేటప్పుడు రోగి రిపోర్టు ఫొటో ఫోన్‌లో పెట్టుకుని పోండి, డాక్టర్ గోళీ రాసేముందే అది చూపించండి.